నూనె అంటుకున్నప్పుడు చెయ్యి ముందు ఎటు పోతుంది?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పోయిన ఆదివారం పూరీలు వేయిస్తుంటే బాణలిలో నూనె అంటుకుంది. కంగారులో పక్కనున్న చెంబెడు నీళ్ళు అందులో పోశారు. మంట భగ్గున లేచి కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. అత్తగారు పరుగెత్తుకొచ్చి టూత్‌పేస్ట్ పూశారు. మీవారు "ఫోన్ చూస్తూ వండితే ఇలాగే అవుతుంది" అన్నారు. డాక్టరు చూసి, పొక్కులు వచ్చాయి గానీ మరీ లోతుగా కాలలేదని కట్టు కట్టి పంపారు. ఇప్పుడు మీరు అడుగుతున్నది ఇదీ: "ఇంజనీరింగ్ చదివాను. నూనె మంట మీద నీళ్ళు పోయకూడదని నాకు తెలుసు. తెలిసీ ఎందుకు పోశాను? ఇంకోసారి ఏదైనా జరిగితే కంగారు పడకుండా ఉండటం ఎలా?"

నేను 31 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేశాను. అందులో 12 ఏళ్ళు కాలిన గాయాల వార్డులోనే గడిచాయి. మంచం మీద కూర్చుని ఈ ప్రశ్నే నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు తెలివితక్కువ పని చేశారని అనుకోవద్దు. మంట కనబడగానే నీళ్ళు పోయడం మన చేతులకు పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. కట్టెల పొయ్యి మీద నీళ్ళు చిలకరించి ఆర్పిన అమ్మమ్మను చూశాం, పెరట్లో చెత్త అంటుకుంటే బకెట్టు పట్టుకుని పరుగెత్తిన నాన్నను చూశాం. నూనె మంట సంగతి మీరు ఎక్కడో చదివారు, అంతే. చదివింది గుర్తు రావాలంటే మనసుకు ఒక క్షణం నిదానం కావాలి. మంట ముఖం ముందు లేచినప్పుడు ఆ క్షణం దొరకదు. గుండె దడదడలాడుతుంది, చూపు మంట మీదే ఉండిపోతుంది, చెయ్యి తనకు ముందు నుంచీ వచ్చిన పని చేసేస్తుంది. ఇది మీకే కాదు, అందరికీ అంతే.

కాబట్టి కంగారు పడకుండా ఉండాలన్న కోరిక వదిలేయండి. అది నా వల్లా కాలేదు. సర్వీసు చివరి నెలలో కూడా స్ట్రెచర్ లోపలికి వస్తుంటే నా గుండె వేగంగానే కొట్టుకునేది. కాకపోతే కాలిన బట్టలు కత్తిరించే కత్తెర వైపు పోవాలని నా చేతికి తెలుసు, వందలసార్లు పోయింది కాబట్టి. మీరు కూడా చేతికే నేర్పాలి. అదెలాగో నూనె దగ్గరే మొదలుపెట్టి చెప్తాను.

నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆవిరైపోతాయి. మండుతున్న నూనె 300 డిగ్రీల పైనే ఉంటుంది. నీళ్ళు నూనె కంటే బరువు కాబట్టి పోయగానే అడుక్కి దిగుతాయి, దిగీ దిగగానే ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు చోటు కావాలి. ఆ ఆవిరి పైనున్న మండే నూనెను తుంపరలు తుంపరలుగా గాల్లోకి ఎగజిమ్ముతుంది, ప్రతి తుంపరా విడిగా అంటుకుంటుంది. మీరు చూసిన భగ్గుమన్న మంట అదే. చెంబెడు నీళ్ళకు చెయ్యి కాలింది, బకెట్టెడు పోసినవాళ్ళు ముఖాలు కాలి మా దగ్గరకు వచ్చేవారు.

చేయాల్సింది చాలా చిన్న పని. చెయ్యి అందితే స్టవ్ నాబ్ కట్టేయాలి. అందకపోతే దాని జోలికి పోవద్దు. బాణలి కంటే పెద్ద మూత గానీ, వెడల్పాటి పళ్ళెం గానీ తీసుకుని, మీ వైపు అంచు నుంచి అవతలికి జరుపుతూ కప్పేయాలి. పైనుంచి పడేస్తే మంట అంచుల నుంచి మీ చేతి మీదకే వస్తుంది, అందుకే జరపమంటున్నాను. కప్పాక ఆరిందా లేదా అని ఎత్తి చూడకూడదు. నూనె ఇంకా అంతే వేడిగా ఉంటుంది, గాలి తగిలితే మళ్ళీ అంటుకుంటుంది. చల్లారేదాకా, అరగంటైనా సరే, దాన్ని అలాగే వదిలేయండి. ఇంకో మాట, బాణలి ఎత్తుకుని బయటికి పరుగెత్తకండి. సింకు దాకా తీసుకెళ్దామని ఎత్తి, కాళ్ళ మీద ఒలకబోసుకున్నవాళ్ళను నేను చూశాను. మైదా, శనగపిండి లాంటివి కూడా చల్లకూడదు, ఎగిరిన పిండి తానే అంటుకుంటుంది.

ఇది చదివితే సరిపోదు. ఈ రాత్రి వంట అయ్యాక, పొయ్యి ఆర్పి ఉన్నప్పుడు, ఖాళీ బాణలి పెట్టండి. మూతను మీరు వండేటప్పుడు ఎక్కడ పెడతారో అక్కడే పెట్టండి. "మూత" అని పైకి అనండి, నాబ్ తిప్పండి, మూత జరిపి కప్పండి. పదిసార్లు చేయండి. అత్తగారి చేత, మీవారి చేత కూడా చేయించండి. ఇది చేస్తున్నప్పుడే మీకో సంగతి తెలుస్తుంది. చాలా ఇళ్ళలో మూతలు పైఅరలో ఉంటాయి, బాణలికి సరిపడే మూతే ఉండదు. వేపుళ్ళు మొదలుపెట్టే ముందే ఒక పెద్ద పళ్ళెం పొయ్యి గట్టు మీద పెట్టుకోవడం ఇక మీ అలవాటు కావాలి. నీళ్ళ చెంబును అక్కడి నుంచి తీసేయండి. చేతికి ఏది దగ్గరగా ఉంటే అదే అందుకుంటుంది. నూనెలోంచి పొగ రావడం మొదలైందంటే అది అంటుకునే దారిలో ఉందని అర్థం, అప్పుడే మంట కట్టేయాలి.

ఇక కాలిన తర్వాత సంగతి. దీని గురించి నేను ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇళ్ళలో అసలు నష్టం మంట ఆరాకే జరుగుతుంది.

మంట పోయినా, వేడి నూనె జారిపోయినా, చర్మంలోకి దిగిన వేడి అక్కడే ఉండి లోపలికి కాలుస్తూనే ఉంటుంది. ఆ వేడిని బయటికి లాగేది చల్లటి మామూలు నీళ్ళే. కొళాయి కింద 20 నిమిషాలు పెట్టాలి. రెండు నిమిషాలు పెట్టి "చల్లబడిందిలే" అని తీసేస్తారు, అది చాలదు. గడియారం చూసి 20 నిమిషాలు. మొదట్లో చేయలేకపోయినా, కాలిన మూడు గంటల్లోపు ఎప్పుడు చేసినా మేలే. దీనికి మందుల షాపుతో పని లేదు, ఖర్చు లేదు. ఆసుపత్రిలో మేం తర్వాత చేసే వైద్యం ఎంత ఉన్నా, ఇంట్లో ఆ 20 నిమిషాలు చేసినవాళ్ళ గాయాలు వేరుగా ఉండేవి.

మన ఊళ్ళలో ఇందులో ఒక చిక్కు ఉంది. మే నెల మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నీళ్ళు కొళాయి తిప్పగానే వేడివేడిగా వస్తాయి. కాలిన చేతిని అలాంటి నీళ్ళ కింద పెట్టకూడదు. తాగడానికి పట్టుకున్న బిందె నీళ్ళు, కుండ నీళ్ళు, బాత్‌రూమ్‌లో నీడన ఉన్న బకెట్ నీళ్ళు వాడండి. కింద టబ్బు పెట్టి, మగ్గుతో ఒకరు ఆపకుండా పోస్తూ ఉండాలి. కరెంటు పోయి మోటారు ఆడకపోయినా ఇదే పద్ధతి. ఐసు మాత్రం వద్దు, నేరుగా పెడితే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందకుండా పోతుంది. చిన్నపిల్లలకు ఎక్కువ చోట కాలితే ఒంటి మీద అంతసేపు నీళ్ళు పోస్తే చలికి బిగుసుకుపోతారు. కాలిన చోట మాత్రమే నీళ్ళు పోస్తూ, మిగతా ఒంటికి దుప్పటి కప్పి వెచ్చగా ఉంచాలి.

నీళ్ళు పోస్తున్నప్పుడే గాజులు, ఉంగరాలు, కాలి మీద అయితే మెట్టెలు తీసేయాలి. గంటలోపు వాపు వస్తుంది, అప్పుడిక రావు. వేలు నల్లబడుతుంటే ఉంగరాన్ని కట్టర్‌తో కోయాల్సి వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. మెడ దగ్గర కాలితే తాళి తీయడానికి ఇంట్లో అందరూ తటపటాయిస్తారు. నేను పెద్దవాళ్ళకు చెప్పేదాన్ని, "అమ్మా, దేవుడి ముందు పెట్టండి, మానగానే మళ్ళీ మీరే కట్టించండి" అని. ఆ మాటకు ఎవరూ కాదనలేదు. బట్ట చర్మానికి అతుక్కుపోతే మాత్రం పీకొద్దు, చుట్టూ కత్తిరించి అతుక్కున్న ముక్కను అలాగే ఉంచి తీసుకురండి.

ఇప్పుడు మీ అత్తగారి టూత్‌పేస్ట్. ఆవిడ మీద కోపం పెట్టుకోవద్దు. పేస్ట్‌లో పుదీనా ఘాటు ఉంటుంది, పూయగానే చల్లగా అనిపిస్తుంది, అందుకే తరతరాలుగా పూస్తున్నారు. కానీ అది చల్లగా అనిపించడమే గానీ లోపలి వేడిని లాగదు. పైగా ఎండి పెచ్చు కడుతుంది. మేం దాన్ని సెలైన్‌తో నానబెట్టి, గాజుగుడ్డతో కొంచెం కొంచెంగా తీయాలి. ఆ తీసేటప్పుడు పడే నొప్పి కాలినప్పటి నొప్పికి తక్కువేం కాదు. పసుపు, ఇంకు, కాఫీపొడి, కోడిగుడ్డు తెల్లసొన, బూడిద, ఇలా ఎన్నో పూసుకుని వచ్చేవారు. రంగున్న వాటితో ఇంకో కష్టం. ఎర్రగా ఉందా, తెల్లగా పాలిపోయిందా, తోలులా బిగిసిందా అని చర్మం రంగు చూసే లోతు అంచనా వేస్తాం. పసుపు గానీ ఇంకు గానీ పూస్తే ఏమీ కనబడదు.

ఒక భోగి నాటి ఉదయం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నాలుగేళ్ళ బాబు. తలంట్లకు కాగులోంచి తోడిన నీళ్ళు బకెట్టులో పెట్టి, చన్నీళ్ళు కలిపేలోపు వాడు వెనక్కి నడుస్తూ వెళ్ళి అందులో కూర్చుండిపోయాడు. నాయనమ్మ ఇంకు సీసా మొత్తం పోసేసింది. వాణ్ణి తెచ్చేసరికి నడుము కింద అంతా నీలం. మేం శుభ్రం చేస్తుంటే వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ పెద్దావిడ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె పది వేళ్ళూ నీలంగానే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు ఎవరూ ఆమె వైపు చూడటం లేదు, కొడుకు వచ్చీ రాగానే "నీవల్లే" అన్నాడట. నేను ఆమెను లోపలికి పిలిచి, తల దగ్గర స్టూలు వేసి, "మీ మనవడికి రోజూ చెప్పే కథ చెప్పండి" అన్నాను. గొంతు వణుకుతూనే ఏడు చేపల కథ మొదలుపెట్టింది. వాడు ఏడుస్తూనే, ఆమె ఒక చేపను మరిచిపోతే "అది కాదు" అని సరిదిద్దాడు. డ్రెస్సింగ్ పూర్తయ్యేదాకా ఆ కథ మూడుసార్లు నడిచింది.

ఆ రోజు నుంచీ నేను ఇళ్ళవాళ్ళకు ఇది చెప్పడం మొదలుపెట్టాను. ఏదైనా జరిగినప్పుడు పక్కనున్నవాళ్ళ చేతులు ఊరుకోలేవు. మనవడు ఏడుస్తుంటే నాయనమ్మ చేతులు కట్టుకుని నిలబడలేదు, ఏదో ఒకటి పూయాల్సిందే. పూయొద్దు అని చెప్తే ఆ చేతులు ఖాళీ అవుతాయి, ఖాళీ చేతులు మళ్ళీ డబ్బా వెతుక్కుంటాయి. ఆ చేతికి మగ్గు ఇవ్వాలి. "అత్తయ్యా, మీరు నీళ్ళు పోస్తూ ఉండండి, నేను గాజులు తీస్తాను" అనాలి. మీ ఇంట్లో కూడా అలాగే మాట్లాడుకుని పెట్టుకోండి. అత్తగారికి మగ్గు, మీవారికి ఫోనూ గడియారమూ.

మీవారి మాట దగ్గరకు వస్తున్నాను. నిజానికి నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నది దీనికోసమే.

మన ఇళ్ళలో ఏదైనా జరిగితే ముందు వచ్చేది తిట్టు. "చూసుకోవద్దా?" "కళ్ళు ఎక్కడ పెట్టావు?" "నేను చెప్తూనే ఉన్నాను." తిట్టేది ప్రేమ లేక కాదు. భయం వేస్తుంది, ఆ భయం నోట్లోంచి కోపంగా బయటికొస్తుంది. మీవారు కూడా ఆ మంట చూసి హడలిపోయి ఉంటారు. కానీ ఆ తిట్టు చేసే నష్టం నేను వార్డులో చూశాను. ఇంటర్ చదివే ఒక అమ్మాయి, హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది, తొడ మీద మరుగుతున్న టీ ఒలకబోసుకుంది. అంతకు ముందు రోజే ఏదో గిన్నె పగలగొట్టి తిట్లు తింది. అందుకని ఎవరికీ చెప్పకుండా పైన పంజాబీ డ్రెస్ వేసుకుని మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు జ్వరం, పుండు నుంచి వాసన. మొదటి రోజు 20 నిమిషాల నీళ్ళతో, వారం రోజుల కట్టుతో పోయే గాయం, చీము పట్టి నెలపైన పట్టింది. ఆమె తల్లి నా చెయ్యి పట్టుకుని "నాతో చెప్పాల్సింది కదమ్మా" అని ఏడ్చింది. ఆ పిల్ల తల తిప్పుకుని గోడ వైపు చూస్తూ పడుకుంది.

ఆ అమ్మాయిని నేను ఒక్కమాట కూడా అనలేకపోయాను. పెళ్ళయిన కొత్తలో నేనూ అదే చేశాను. అన్నం గంజి వారుస్తుంటే గుడ్డ జారి పాదం మీద పడింది. గంజి నీళ్ళలా జారిపోదు, అంటుకుని ఉండి కాలుస్తుంది. అప్పటికే నర్సింగ్ చదివినదాన్ని, ఏం చేయాలో తెలుసు. కానీ కొత్త కోడలు, ఇంట్లో చుట్టాలు, "ఇంత మాత్రం చేతకాదా" అంటారన్న భయం. చీర కుచ్చిళ్ళు కిందికి దించి, కాలు ఈడుస్తూ అందరికీ వడ్డించాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

గాజు గ్లాసు పగిలితే మా అమ్మమ్మ "పోన్లే, దిష్టి పోయింది, కదలకు" అనేది. దిష్టి సంగతి పక్కన పెట్టండి. ఆ మాట విన్న పిల్ల ఉన్నచోటే నిలబడుతుంది, అమ్మమ్మ చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చేదాకా. అదే "ఏం చేశావే!" అని అరుపు వినబడితే పారిపోబోయి గాజుముక్క మీదే కాలు వేస్తుంది. పెద్దవాళ్ళ దగ్గర ఇలాంటి మాటలు చాలా ఉండేవి. "గండం గడిచింది", "తలకి వచ్చింది తలపాగాతో పోయింది". అవి అన్నాకే మనిషికి ఊపిరి ఆడేది. మనం అవి పాతవని మానేశాం, వాటి చోట "ఎలా జరిగింది? ఎవరు చేశారు?" అన్న విచారణ పెట్టుకున్నాం.

విచారణ ఉండాలి, నేను కాదనను. ఫోన్ చూస్తూ నూనె పొయ్యి మీద వదిలేయడం నిజంగానే ప్రమాదం, మీరు అది మానుకోవాలి. కానీ ఆ మాట రాత్రి భోజనాలయ్యాక మాట్లాడుకోవచ్చు. మీవారితో నా మాటగా ఇది చెప్పండి: 20 నిమిషాల నీళ్ళు అయ్యేదాకా "ఎక్కడ కాలింది, ఇంకెక్కడైనా తగిలిందా" అన్న ప్రశ్న తప్ప ఇంకోటి వద్దు. మీకు పిల్లలు పుట్టాక ఇది ఇంకా పనికొస్తుంది. పొరపాటు జరగగానే మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చే పిల్లవాడు కావాలా, మంచం కింద దాక్కునే పిల్లవాడు కావాలా అన్నది ఇలాంటి రోజుల్లోనే తేలుతుంది.

మిగతా వాటికి కూడా చేతి మొదటి పని ఏదో క్లుప్తంగా చెప్తాను.

గ్యాస్ వాసన వస్తే చెయ్యి లైటు స్విచ్ మీదకు పోతుంది, అదే పోకూడదు. వేయడమూ వద్దు, ఆర్పడమూ వద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలే వద్దు, చిన్న నిప్పురవ్వ చాలు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి పైనున్న కిటికీ ఒక్కటే చాలదు, తలుపులు బార్లా తీయాలి. రెగ్యులేటర్ కట్టేసి, తీసి, సిలిండర్‌తో వచ్చే ప్లాస్టిక్ సేఫ్టీ క్యాప్ మూతికి బిగించి, అందరూ బయటికి వచ్చాకే ఫోన్ చేయాలి. గ్యాస్ లీకుకు 1906, రాత్రీ పగలూ పలుకుతుంది. ఆ క్యాప్‌ను చాలామంది సిలిండర్ రాగానే పారేస్తారు, దాని దారంతో సహా సిలిండర్‌కే వేలాడనివ్వండి. గ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు, మనకు తెలియాలనే మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. వయసు మీదపడినవాళ్ళకు, జలుబు చేసినవాళ్ళకు అది కూడా తెలియకపోవచ్చు. మీ అత్తగారు ఒక్కరే ఇంట్లో ఉండే రోజుల్లో, బయటికి వెళ్ళేముందు రెగ్యులేటర్ కట్టి వెళ్ళండి.

ఒంటి మీద బట్టలు అంటుకుంటే కాళ్ళు పరుగెత్తుతాయి, పరుగెత్తితే గాలికి మంట ముఖం మీదకు లేస్తుంది. ఉన్నచోటే నేల మీద పడుకుని, ముఖం చేతులతో మూసుకుని దొర్లాలి. పక్కనున్నవాళ్ళు మందపాటి నూలు దుప్పటి కప్పాలి. మంట ఆరాక మళ్ళీ నీళ్ళే. పూరీలు వేయించే రోజు, దీపావళి రోజు నైలాన్ చీరలు, వేలాడే చున్నీలు వద్దు. వేలాడే కొంగుకు మంట తొందరగా అంటుకుంటుంది, నైలాన్ అయితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

కరెంట్ షాక్ కొట్టినవాళ్ళను చూడగానే మనం పట్టుకుని లాగబోతాం. కన్నవాళ్ళయితే వాటేసుకుంటారు. అలా ఒకరి వెంట ఒకరు పోయిన ఇళ్ళు ఉన్నాయి. ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. అది కుదరకపోతే పొడిగా ఉన్న చెక్క దేనితోనైనా వైరును పక్కకు తోయాలి. మనిషి స్పృహలో లేక, ఊపిరి తీయకపోతే, 108కి ఒకరు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఛాతీ మధ్యలో అరచేతి మీద అరచెయ్యి పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేలా, గట్టిగా నొక్కుతూనే ఉండాలి. మనిషి లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించండి. కరెంటు గాయం పైకి చిన్న మచ్చలా ఉంటుంది, లోపల ఎంతో దూరం కాలి ఉంటుంది. వానాకాలం బట్టలారేసే ఇనుప తీగ ఇంట్లో ఉంటే ఇవాళే తీసేసి నైలాన్ తాడు కట్టండి.

ఫోన్ సంగతి చెప్పాను కదా, అది మీవారి పని అని. టెన్షన్‌లో ఫోన్ చేసేవాళ్ళు "తొందరగా రండి" అని పెట్టేస్తారు, ఎక్కడికి రావాలో చెప్పరు. సొంత ఇంటి అడ్రసు ఆ క్షణాన నోటికి రాదు. అందుకని వంటింటి తలుపు వెనక ఒక కాగితం అంటించండి. దాని మీద పెద్ద అక్షరాలతో అంబులెన్స్‌కు 108, ఫైర్‌కు 101, ఏ ఆపదకైనా 112, గ్యాస్‌కు 1906, వాటి కింద మీ ఇంటి నంబరు, వీధి, దగ్గర్లో ఉన్న గుడో, బడో, వాటర్ ట్యాంకో రాసి పెట్టండి. చదివితే చాలు, గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. ఎవరైనా ఒకరు వీధి చివర నిలబడాలన్నది కూడా అందులోనే రాయండి.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలని మీరు అడగలేదు గానీ చెప్పాలి. కాలినవాళ్ళ సొంత అరచెయ్యి, వేళ్ళతో సహా, ఒంట్లో సుమారు నూటికి ఒక వంతు. అంతకంటే పెద్దగా కాలినా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మాంగాల మీద కాలినా, చిన్నపిల్లలకూ ముసలివాళ్ళకూ ఎంత కాలినా, కరెంటుతో గానీ యాసిడ్‌తో గానీ కాలినా ఇంట్లో ఉంచొద్దు. ఇంకో గుర్తు: తెల్లగానో నల్లగానో అయి నొప్పి లేదంటే సంతోషించకండి. నొప్పి తెలిపే నరాలు కూడా కాలిపోయినప్పుడే అలా ఉంటుంది.

ఇక మీ చెయ్యి. పొక్కులు మీరు చిదపకండి, అవి వాటంతట అవి పగిలితే డాక్టరు చూసుకుంటారు. కట్టు తడవకుండా స్నానం చేయండి. ధనుర్వాతం రాకుండా ఇచ్చే టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారో లేదో చీటీ చూసుకోండి. చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. పడుకునేటప్పుడు చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టుకుంటే వాపు తగ్గుతుంది. కాలింది మోచేతి దాకా కాబట్టి నొప్పి అని చెయ్యి మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, అందరూ అదే చేస్తారు. అలా వద్దు. పూటకు నాలుగైదుసార్లు నెమ్మదిగా చాపండి, మడవండి, పిడికిలి బిగించి విప్పండి. చర్మం మానేటప్పుడు ముడుచుకుంటుంది, కదుపుతూ ఉంటే కీలు పట్టేయదు. పూర్తిగా మూసుకున్నాక దురద పెడుతుంది, గోకకుండా కొబ్బరినూనె పల్చగా రాయండి, కొన్ని నెలలు ఎండ తగలకుండా పొడుగు చేతుల జాకెట్టు వేసుకోండి.

పూరీలు మళ్ళీ వేయాలంటే భయంగా ఉందని చివర రాశారు. తొందరేం లేదు. కట్టు విప్పాక ఒక రోజు, అత్తగారిని పక్కన నిలబెట్టుకుని, చిన్న మూకుడులో కొంచెం నూనెతో రెండు అప్పడాలు వేయించండి. పళ్ళెం గట్టు మీద ఉందో లేదో ముందు చూసుకోండి. ఎలా ఉందో నాకు రాయండి.